తమ్ముడిదీ ఓ పాజిటివే, అమ్మదీ ఓ పాజిటివే. మరి రక్తం ఎందుకు పడలేదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారిది కవిటి దగ్గర ఊరు. రెండేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది, హిమోగ్లోబిన్ 6.1కి పడిపోయింది. ఆమెది ఓ పాజిటివ్. మీది ఎ పాజిటివ్ అని మిమ్మల్ని వద్దన్నారు. మీ తమ్ముడిది ఓ పాజిటివ్ అని రక్తం తీసుకున్నారు. ముందు గ్రూపు కలిసిందన్నారు, గంటన్నర తర్వాత పడలేదన్నారు. బ్యాంకులో ఉన్న ఇంకో రెండు ఓ పాజిటివ్ బ్యాగులూ పడలేదన్నారు. ఇప్పుడు అమ్మ శాంపిల్ విశాఖపట్నం పంపాలంటున్నారు. కన్నకొడుకు రక్తం తల్లికి పడకపోవడమేమిటి, ఇందులో మోసమేమైనా ఉందా, బయట డబ్బిచ్చి ఓ నెగటివ్ తెప్పిస్తే సరిపోతుందా అని అడిగారు.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బ్లడ్ బ్యాంకుల్లో 27 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. మీరు రాసినదాన్ని బట్టి ఇందులో మోసం కనిపించడం లేదు. ఆ టెక్నీషియన్ తన పని సరిగ్గా చేశాడు. ముందు కలిసిందని చెప్పి తర్వాత పడలేదన్నందుకే మీకు అనుమానం వచ్చింది కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను.

గ్రూపు కలవడం ఒక పరీక్ష, రక్తం పడటం వేరే పరీక్ష. ఈ రెండోదాన్ని క్రాస్ మ్యాచ్ అంటాం. మొదటిదానికి పది నిమిషాలు చాలు. రెండోదానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది, ఏదైనా తేడా కనిపిస్తే ఇంకా ఎక్కువే. మీవాళ్లకు మొదటి ఫలితం ముందుగా చెప్పేశారు. నేనైతే రెండోది తేలేదాకా బంధువులకు ఏమీ చెప్పేవాణ్ని కాదు. సగం మాట చెబితే ఇలాగే టెన్షన్ పెరుగుతుంది.

మీ ఎ పాజిటివ్ ఎందుకు వద్దన్నారో ముందు చెబుతాను. ఎర్రకణం పైన చక్కెర అణువులతో కట్టిన గుర్తులు ఉంటాయి. వాటిని యాంటిజెన్లు అంటాం. అడుగున హెచ్ అనే పునాది ఉంటుంది. దాని మీద ఒక రకం చక్కెర చేరితే ఎ, ఇంకో రకం చేరితే బి, రెండూ చేరితే ఎబి. ఏదీ చేరకుండా పునాది ఒక్కటే మిగిలితే ఓ. ఒంట్లో లేని గుర్తును ఎదిరించే యాంటీబాడీ మన ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో, ముందే ఉంటుంది. దీనికి ఎవరి రక్తమూ ఎక్కించుకోనక్కర్లేదు. పేగుల్లో చేరే సూక్ష్మజీవుల మీద కూడా ఇలాంటి చక్కెరలే ఉంటాయి కాబట్టి, పుట్టిన కొన్ని నెలలకే పసిపిల్లల ఒంట్లో అది తయారవుతుంది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ తోటి ఉద్యోగుల రక్తాన్నీ ఒకదానితో ఒకటి కలిపి చూసి ఈ సంగతి బయటపెట్టాడు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది దీనికే.

అమ్మగారిది ఓ కాబట్టి ఆమె ప్లాస్మాలో ఎ, బి రెండింటినీ ఎదిరించే యాంటీబాడీలు ఉన్నాయి. మీ ఎ కణాలు వెళితే నరాల్లోనే పగిలిపోతాయి. బ్యాగు మొత్తం ఎక్కక్కర్లేదు, కొద్దిపాటి రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. ఓ వాళ్లకు ఓ తప్ప ఇంకేదీ ఎక్కించకూడదు. ఎ వాళ్లకు ఎ, ఓ. బి వాళ్లకు బి, ఓ. ఎబి వాళ్లకు నాలుగింట్లో ఏదైనా ఎక్కించవచ్చు. ఇది ఎర్రకణాల లెక్క. ప్లాస్మాకు లెక్క తిరగబడుతుంది: ఎబి వాళ్ల ప్లాస్మా అందరికీ ఎక్కించవచ్చు, ఓ వాళ్ల ప్లాస్మా ఓ వాళ్లకు మాత్రమే. ఓ రక్తం ఎవరికైనా ఇవ్వొచ్చన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ప్లాస్మా చాలావరకు తీసేసిన ప్యాక్డ్ సెల్స్‌కే ఆ మాట వర్తిస్తుంది.

మీది ఎ, తమ్ముడిది ఓ అయినందుకు కంగారు పడకండి. నాన్నగారిది ఎ అన్నారు. ఆయన దగ్గర ఎ తోపాటు ఓ కూడా దాగి ఉంది. మీకు ఎ వచ్చింది, తమ్ముడికి ఓ వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పాజిటివ్ అనే మాట డి అనే ఒక్క యాంటిజెన్ గురించే చెబుతుంది. ఎర్రకణం మీద అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. డి కుటుంబంలోనే మేం బిగ్ సి, స్మాల్ సి, బిగ్ ఇ, స్మాల్ ఇ అని పిలిచేవి ఉన్నాయి. వేరే కుటుంబాల్లో కెల్, డఫీ, కిడ్ అనేవి ఉన్నాయి. ఇప్పటికి 40కి పైగా రక్త గ్రూపు వ్యవస్థలను గుర్తించారు. మీ తమ్ముడూ అమ్మగారూ ఇద్దరూ ఓ పాజిటివే అయినా, ఈ మిగతావాటిలో ఇద్దరికీ తేడాలు ఉండే అవకాశం చాలా ఎక్కువ. మామూలుగా ఆ తేడాలతో ఇబ్బంది రాదు. ఎందుకంటే ఎ, బిలకు ఉన్నట్టు వీటికి యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉండవు. పరాయి కణాలు ఒకసారి ఒంట్లోకి వచ్చాకే కొందరిలో అవి తయారవుతాయి.

పరాయి కణాలు వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి రక్తం ఎక్కించుకోవడం, రెండోది గర్భం. అమ్మగారికి ఈ రెండూ జరిగాయి. 11 ఏళ్ల కిందట గర్భసంచి ఆపరేషన్‌లో రెండు బాటిళ్లు, డయాలసిస్ మొదలయ్యాక మూడు బాటిళ్లు ఎక్కించారని రాశారు. నాలుగు కాన్పులు కూడా అన్నారు. బిడ్డ ఒంట్లోని గుర్తుల్లో సగం తండ్రి నుంచి వచ్చేవే. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒంటికి తండ్రి గుర్తులు కొత్త. కొందరు తల్లుల్లో వాటికి యాంటీబాడీ తయారై ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

కన్నకొడుకు రక్తం తల్లికి ఎలా పడదని మీరు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉండవచ్చు. కన్నకొడుకు కాబట్టే పడకపోయే అవకాశం ఎక్కువ. అతన్ని మోసినప్పుడే ఆమె ఒళ్లు ఆ గుర్తును చూసి ఉండొచ్చు. మీ తమ్ముడి విషయంలో ఇంకో సంగతి ఉంది. మీలాంటి ఎ బిడ్డ కణాలు ఓ తల్లి రక్తంలోకి వస్తే, ఆమె దగ్గర ముందే ఉన్న యాంటీబాడీ వాటిని త్వరగా తుడిచిపెడుతుంది, మిగతా గుర్తుల మీద యాంటీబాడీ తయారయ్యే అవకాశం తగ్గుతుంది. తల్లి గ్రూపే ఉన్న బిడ్డ కణాలు ఎక్కువకాలం నిలుస్తాయి. అంటే గ్రూపు కలిసిన బిడ్డ దగ్గరే ఈ చిక్కు ఎక్కువ. అలాగని ఇది కచ్చితంగా తమ్ముడి వల్లే వచ్చిందని నేను అనడం లేదు. పాత బాటిళ్ల వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. బ్యాంకులోని రెండు బ్యాగులు కూడా పడలేదు కాబట్టి, ఆ గుర్తు చాలామందిలో ఉండేదైనా అయి ఉండవచ్చు, లేదా అమ్మగారి ఒంట్లో ఒకటికి మించి యాంటీబాడీలు ఉండవచ్చు.

ఇలాంటి యాంటీబాడీలు మామూలుగా సెలైన్‌లో కలిపి చూస్తే దొరకవు. కణానికి అతుక్కుంటాయి గానీ కణాలను గుత్తులుగా కట్టలేవు. 1945లో ఇంగ్లండ్‌లో రాబిన్ కూంబ్స్, ఆయన తోటివాళ్లు కనిపెట్టిన పరీక్షతోనే వాటిని పట్టుకోగలుగుతున్నాం. రోగి సీరాన్నీ డోనర్ కణాల్నీ కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచి, కడిగి, అతుక్కున్న యాంటీబాడీలను పట్టుకుని కణాలను గుత్తులు కట్టించే కూంబ్స్ సీరం వేస్తాం. ఇప్పుడు చాలాచోట్ల జెల్ కార్డులు వచ్చాయి. రక్తం పడితే కణాలన్నీ జెల్ అడుగుకు దిగి చిన్న బొట్టులా కూర్చుంటాయి. పడకపోతే పైనే ఎర్రటి గీతలా ఆగిపోతాయి. ఆ గీత చూసి బ్యాగు పక్కన పెట్టిన రోజులు నాకు చాలా గుర్తున్నాయి. బయట బంధువులు కోపంతో నిలబడి ఉంటారు. కిటికీలోంచి ఆ కార్డు చూపించి వివరించేవాణ్ని. కొందరు వినేవారు, కొందరు వినేవారు కాదు.

ఇక ఓ నెగటివ్ సంగతి. బయట డబ్బిచ్చి తెప్పించాలన్న ఆలోచన దయచేసి మానుకోండి. నెగటివ్ అంటే డి లేదనే అర్థం, మిగతా గుర్తులు ఉంటాయి. అమ్మగారి యాంటీబాడీ స్మాల్ సి మీద అయితే, ఓ నెగటివ్ బ్యాగు ఇంకా చెడ్డది. మన నెగటివ్ డోనర్లలో దాదాపు అందరికీ స్మాల్ సి ఉంటుంది. అదే బిగ్ ఇ మీద అయితే, ఆ గుర్తు లేని ఓ పాజిటివ్ డోనర్లు మన దగ్గరే చాలామంది దొరుకుతారు. యాంటీబాడీ పేరు తెలియకుండా బ్యాగుల కోసం తిరగడం వల్ల డబ్బూ సమయమూ పోవడమే మిగులుతుంది. పైగా మన దేశంలో నెగటివ్ వాళ్లు నూటికి అయిదుగురు దాకా మాత్రమే ఉంటారు. ఆ బ్యాగు అవసరమైన నెగటివ్ గర్భిణి పక్క వార్డులోనే ఉండొచ్చు. రక్తం అమ్మడం, డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం చట్టవిరుద్ధం. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 నుంచి డబ్బుకు రక్తమిచ్చే పద్ధతిని నిషేధించారు. బ్యాంకు తీసుకునేది పరీక్షలకు, నిల్వకు అయ్యే ఖర్చు మాత్రమే. ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా "డోనర్‌ని నేను చూపిస్తా" అంటే ఆ మనిషితో మాట్లాడకండి.

ఓ బ్యాగులేవీ పడలేదు కాబట్టి ఇది బాంబే గ్రూపేమో అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. 1952లో ముంబైలో భెండే, ఆయన తోటి డాక్టర్లు గుర్తించిన గ్రూపు అది. ఇందాక చెప్పిన హెచ్ పునాదే వాళ్ల కణాల మీద ఉండదు. మామూలు పరీక్షలో ఓ అనిపిస్తుంది గానీ, ఓ కణాలతో కలిపితే వెంటనే, గది వేడిలోనే గట్టిగా గుత్తులు కడుతుంది. వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని చెబుతారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ లోపం వస్తేనే పుడుతుంది కాబట్టి, మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో దీని గురించి జాగ్రత్తగా ఉండటం మంచిది. అయితే అమ్మగారిది అది కాదని నాకు గట్టి నమ్మకం. ఆమెకు ఇంతకుముందు అయిదు ఓ బాటిళ్లు ఎక్కాయి, ఏమీ కాలేదు. బాంబే గ్రూపు మనిషికి మొదటి బాటిల్ దగ్గరే పెద్ద ప్రమాదం జరిగేది.

అసలు శాంపిలే తారుమారై ఉంటుందా? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. నా ఉద్యోగంలో మొదటి మూడు నాలుగేళ్లలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఒకే వార్డులో ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. మన వైపు పైడితల్లి, అప్పలనరసమ్మ, సింహాచలం లాంటి పేర్లు వీధికి నలుగురికి ఉంటాయి కదా. ఇంటిపేరు రాయకుండా శాంపిల్ పంపారు. గ్రూపు బి వచ్చింది. బి బ్యాగు తీసి, క్రాస్ మ్యాచ్ చేశాను, చక్కగా పడింది. పడక ఏం చేస్తుంది, శాంపిలే పక్క మంచం ఆవిడది. బ్యాగు ఇచ్చేముందు పాత రిజిస్టరు తిరగేస్తే, రెండేళ్ల కిందట అదే పేరు, అదే ఊరు, ఓ అని ఉంది. కొత్త శాంపిల్ తెప్పించాను. ఆ రిజిస్టరు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ప్రపంచంలో ఎక్కడైనా తప్పు గ్రూపు రక్తం ఎక్కిన సంఘటనల్లో ఎక్కువ భాగం ఇలా పేరు, లేబుల్ దగ్గర జరిగిన పొరపాట్లే. పరీక్ష తప్పడం అరుదు. అందుకే విశాఖకు పంపే శాంపిల్ కొత్తగా తీయించండి. ట్యూబు మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, తీసిన తేదీ, టైము మంచం దగ్గరే రాయమనండి. సిస్టర్ అమ్మగారిని పేరు అడిగి, ఆవిడ నోటితో చెప్పాకే రాయాలి. మీరు పక్కన నిలబడి చూడండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఊదా మూత ట్యూబు, ఎర్ర మూత ట్యూబు రెండూ కావాలంటారు. ఐస్ బాక్సులో పెట్టండి గానీ ఐస్ నేరుగా తగలనివ్వకండి. చలికి రక్తం ఐస్‌లా గడ్డకడితే కణాలు పగిలి శాంపిల్ పనికిరాదు. దాంతోపాటు ఒక కాగితం మీద ఎన్ని కాన్పులు, గర్భస్రావాలు ఏమైనా జరిగాయా, ఎప్పుడెప్పుడు ఎన్ని బాటిళ్లు ఎక్కించారు, ఎక్కించినప్పుడు చలిజ్వరం లాంటిది వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు అన్నీ రాసి ఇవ్వండి. ఆఖరి బాటిల్ ఎక్కించిన తేదీ తప్పకుండా ఉండాలి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే, తీసిన మూడు రోజుల తర్వాత ఆ శాంపిల్ క్రాస్ మ్యాచ్‌కు పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే. అక్కడ పదకొండు రకాల తెలిసిన కణాలతో అమ్మగారి సీరాన్ని కలిపి, ఏవి గుత్తులు కట్టాయో ఏవి కట్టలేదో చూసి యాంటీబాడీ పేరు తేలుస్తారు. ఆమె సొంత కణాలతో కూడా కలిపి చూస్తారు. అక్కడా గుత్తులు కడితే, ఆమె ఒళ్లు తన కణాలనే ఎదిరిస్తోందన్నమాట. అప్పుడు వైద్యం దారి వేరుగా ఉంటుంది.

ఈలోగా ఆగవచ్చా అనేది డయాలసిస్ డాక్టరే చెప్పాలి. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, స్పృహ తేడాగా ఉండటం లాంటివి ఉంటే క్షణం కూడా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఉన్నవాటిలో తక్కువ ప్రమాదమున్న బ్యాగు ఏదో డాక్టరూ బ్లడ్ బ్యాంకు డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఆ ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేలా చూడండి. నేను చూసినంతలో సగం ఆలస్యం వాళ్లిద్దరి మధ్య మాట లేక జరిగేదే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలని నాకు ఎంతో ఆశ. కిడ్నీ పాడైతే రక్తం తయారు కావడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, అందుకే డయాలసిస్ వాళ్లకు రక్తం తక్కువగా ఉంటుంది. ఆ ఇంజెక్షన్లూ ఐరనూ డాక్టరు చెప్పిన ప్రకారం వరుసగా పడుతుంటే చాలామందికి బాటిల్ అవసరమే తగ్గుతుంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు రెండు వారాలు ఇంజెక్షన్ మానేసి, నీరసం వచ్చాక "ఒక బాటిల్ ఎక్కించండి" అని అడగడం ఎన్నోసార్లు చూశాను. ప్రతి బాటిల్‌తో కొత్త యాంటీబాడీ వచ్చే అవకాశం పెరుగుతుంది. పైగా కిడ్నీ మార్పిడి చేయించుకోవాలనుకునేవాళ్లకు బాటిల్ వల్ల ఇంకో నష్టం ఉంది. ఎక్కించిన రక్తంలోని తెల్లకణాల వల్ల వేరేరకం యాంటీబాడీలు తయారై, రేపు దాత కిడ్నీ కలవకుండా పోవచ్చు. అమ్మగారికి మార్పిడి ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఈ సంగతి డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి.

సరిపోయిన బ్యాగు దొరికాక, వీలైతే డయాలసిస్ నడుస్తుండగానే ఎక్కించమని అడగండి. ఎక్కువైన నీరూ పొటాషియమూ ఆ మెషిన్‌లోనే పోతాయి. మొదటి పావుగంట మంచం దగ్గరే ఉండండి. వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఛాతీ బిగుసుకోవడం, ఏదో తేడాగా ఉందని అమ్మగారు అనడం, ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌ని పిలిచి రక్తం ఆపించండి. సూది తీయించకండి, అది మందులు ఇవ్వడానికి కావాలి. ఆపిన బ్యాగును పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు తిరిగి పంపాలి. ఆ తర్వాత కూడా రెండు వారాలు గమనించండి. కిడ్ మీద వచ్చే యాంటీబాడీలు మధ్యలో కనిపించకుండా పోయి, మళ్లీ రక్తం ఎక్కగానే లేస్తాయి. వారం పది రోజుల తర్వాత జ్వరం, కళ్లు పచ్చబడటం, ఎక్కించిన హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోవడం జరుగుతుంది. మామూలువాళ్లయితే మూత్రం రంగు మారడం చూసి పట్టుకుంటారు. డయాలసిస్ వాళ్లకు మూత్రమే సరిగా రాదు కాబట్టి కళ్లే చూడాలి.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. అతని రక్తం వృథా కాలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ బాగుంటే ఆ బ్యాగు వేరే ఓ పాజిటివ్ మనిషికి వెళుతుంది. ఎర్రకణాలు విడిగా తీసి నిల్వద్రావణం కలిపితే 42 రోజుల వరకు ఉంటాయి. అసలు దగ్గరి రక్తసంబంధీకుల రక్తం నేరుగా ఎక్కించడాన్ని మేం కోరుకోం. దాత తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివిగా గుర్తుపట్టలేకపోతే, అవి రోగి మీదే తిరగబడే జబ్బు ఒకటి ఉంది. అరుదే గానీ వస్తే బతకడం కష్టం. తప్పనిసరై ఇంట్లోవాళ్ల రక్తం వాడాల్సివస్తే బ్యాగుకు రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి. కాబట్టి తల్లికి పనికిరాలేదని అతను కుమిలిపోనక్కర్లేదు. మీరు కూడా 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోల పైన ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే మీ ఎ పాజిటివ్ బ్యాంకుకు ఇవ్వండి. మగవాళ్లు 90 రోజులకు ఒకసారి, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు.

విశాఖ నుంచి రిపోర్టు వచ్చాక యాంటీబాడీ పేరు అమ్మగారి డయాలసిస్ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. కొన్నేళ్లకు ఆ యాంటీబాడీ పరీక్షలో కనిపించకుండా పోయినా, ఆ కాగితం చూసి టెక్నీషియన్ సరైన బ్యాగు వెతుకుతాడు. రిపోర్టులో అర్థం కాని మాట ఉంటే ఆ పేజీ నాకు పంపండి, అదే రోజు చదివి చెబుతాను.